మూడో శవం

స్టవ్ నాబ్ లూజైపోయి ఎన్నాళ్లయిందో, కట్టినా కట్టినట్టుండదు. బాగుచేయించాల్సిన మొగుడుగారేమో నవలలో వరసగా మనుషుల్ని చంపుతూ తీరిక లేకుండా ఉన్నారు.

నవల అచ్చయింది. "రక్తమంటే నీకు పడదు" అని ఆయన పుస్తకం చదవనివ్వలేదు గనక, ఇల్లాలు పాఠకుల అభిప్రాయాలే ఫోన్‌లో చూసి మురిసిపోతోంది.

"'మొదలెడితే ఊపిరాడలేదు' అటండీ."

"ఊఁ," అన్నారు రచయితగారు మీసం సవరించుకుంటూ.

"'మూడో ఆవిడ చచ్చినప్పుడు మాత్రం ప్రాణానికి హాయిగా ఉంది. తాళం వేశాక, గ్యాస్ కట్టేశానా అని మాటిమాటికీ వెనక్కొచ్చే మనిషిని ఎవరు భరిస్తారు?'"

ఆవిడ కళ్లజోడు తీసింది. "ఇది నేనే కదండీ."

"అబ్బే, కల్పన."

"నాబ్ లూజని రాశారా?"

"రాశాను. కథ వేగం తగ్గుతోందని కొట్టేశాను."

సాయంత్రం ఇద్దరూ బయటికెళ్తుంటే, ఆవిడ తాళం వేసి చకచకా మెట్లు దిగిపోయింది. వెనక్కి చూడలేదు.

గేటు దగ్గర ఆయన ఆగిపోయారు. "గ్యాస్ కట్టేశావా?"

"చచ్చినదాన్ని నన్నడుగుతారేంటండీ?"

తాళంచెవి ఆవిడ గుప్పిట్లో ఉంది. పాఠక మహాశయులారా, ఈ కొంప మునిగింది మీ అభిప్రాయాలతోనే. ఆ తాళంచెవి ఎలా అడగాలో ఆయనకి మీరే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.