నూతి గిలక

"ఇప్పుడా రావడం మేస్త్రీ గారూ? పొద్దుట్నించీ కళ్లు కాయలు కాచిపోయాయి!"

గేటు దగ్గర నిలబడి పెరటి వైపు చూస్తున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"నేనూ..."

"సాకులు తర్వాత. పొద్దున్నే పంపుతానన్నాడు ఇనప సామాన్ల కొట్టువాడు. రండి, నుయ్యి ఇటు."

ఆ ఇల్లాలి నోటికి బ్రేకులుండవని వీధంతా ఎరుగును. పెద్దాయన వెనకే వెళ్లాడు. బిగుసుకుపోయిన గిలకని చూసి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

"కాస్త నూనె ఇస్తావా అమ్మా?"

"నూనె కూడా లేకుండా వచ్చారా? బాగానే ఉంది సంబడం!"

వంటింట్లోంచి నూనె తెచ్చిచ్చి, మెట్టు మీద కూలబడింది.

"అయినా ఈ గిలక మాకెన్నాళ్లులే! రేపు ఆ మహానుభావుడొచ్చి పొమ్మంటే పోవాల్సిందే."

"ఎవరమ్మా?"

"ఈ నేల ఆసామి. యుద్ధమప్పుడు చెరువొడ్డంతా సైన్యం లాక్కుని షెడ్లు వేసిందట. యుద్ధమయ్యాక వాటినే ఇళ్లు చేసి మాలాంటి వాళ్లకి అమ్మారు. ఇన్నాళ్లకి అప్పటి ఆసామి కొడుకు కేసు గెలిచాడు, వాడి మొహం మండ! మంచం దిగలేని మా అత్తగార్ని ఎక్కడికి మొయ్యను? ఆ కిటికీలోంచి చెరువు కనబడకపోతే ఆవిడకి ముద్ద దిగదు."

ఆయన కిటికీ వైపు చూశాడు. లోపల్నించి అత్తగారు చెయ్యి ఊపింది. ఆయనా ఊపాడు.

"నుయ్యి మాత్రం సైన్యం తవ్వింది కాదమ్మా. అంతకు ముందుది."

"మీకెలా తెలుసు?"

"రాళ్లు చూస్తే తెలియదూ!"

కాసేపటికి గిలక చప్పుడు లేకుండా తిరిగింది. మొదటి చేద ఆయనే తోడి, చెంబెడు నీళ్లు కళ్లు మూసుకుని ఆఖరి చుక్కదాకా తాగాడు.

"కూలి ఎంతివ్వమంటారు?"

"రేపు చూద్దాంలేమ్మా."

మర్నాడు మధ్యాహ్నం ఆమె భర్త రొప్పుకుంటూ వచ్చాడు.

"వదిలేశాడే! ఆసామి కొడుకు వీధి మొత్తం మనకే వదిలేశాడు! నాకేం వద్దని సంతకం పెట్టేసి, ఇందాకటి బస్సుకే వెళ్లిపోయాట్ట."

"అమ్మయ్య!"

నవ్వింది, ఏడ్చింది, వెళ్లి అత్తగార్ని వాటేసుకుంది.

"నోటికొచ్చినట్టు తిట్టాను పాపం. ఎక్కడున్నా చల్లగా ఉండాలి."

అంతలో గేటు చప్పుడైంది. భుజాన పనిముట్ల సంచీతో ఒకతను లోపలికొచ్చాడు.

"మేస్త్రీనమ్మా, కొట్టువాళ్లు పంపారు. నిన్న రాలేకపోయాను, ఏమీ అనుకోకండి. నుయ్యి ఎటు?"