చివరి అధ్యాయం కోసిందెవరు?

"ఆ కత్తి కింద పెట్టండి!" తెర తోసుకుని సెలూన్‌లోకి దూసుకొచ్చింది బార్బర్ భార్య. ఆమె చేతిలో లైబ్రరీ నవల ఉంది.

సగం గడ్డం గీయించుకున్న పోస్ట్‌మాన్ కుర్చీలో బిగుసుకుపోయాడు.

"చివరి అధ్యాయం లేదు! చింపితే అంచు చెదిరేది. దీన్ని గీత గీసినట్టు కోశారు. కత్తి తుడుచుకోడానికి నా నవలే దొరికిందా? కథ తేలందే అత్తయ్య మందు మింగనని మొండికేసింది!"

"ఒట్టు! నేను తుడిచేది పాత పేపర్లతోనే," అన్నాడు బార్బర్.

నురగలోంచి పోస్ట్‌మాన్ గొంతు పెగిలింది. "ఇంతకీ కథలో ఆ బేకరీ పిల్ల పశువుల డాక్టర్ని పెళ్లి చేసుకుంటుందా, లేదా అమ్మా?"

ఆమె ఉలిక్కిపడింది. తెర వెనక అత్తగారికి రోజూ పైకి చదివి వినిపించేది ఆమే. ఇటు బెంచీ మీద, గీయడానికి గడ్డమే లేని నలుగురు మెడలు సాచి జవాబు కోసం చూస్తున్నారు.

"ఓహో! కథ అయిపోతే గిరాకీ పోతుందని దాచారా?"

"గిరాకీదేముందిలే." బార్బర్ తలొంచుకుని సొరుగులోంచి కాగితాలు తీశాడు. "నువ్వు నన్ను తిట్టకుండా ఉండేది ఆ పుస్తకం చదివేటప్పుడేగా! అది అయిపోకూడదనే... కోసింది నేనే."