ఎందుకమ్మ

“ఈ ఐదు ఇటు నుంచి అటు వెళ్తే మైనస్ అవుతుంది,” అన్నాడు మాస్టారు బోర్డు మీద రాస్తూ.

“ఎందుకు నాయనా?” అంది వెనక బెంచీలో ముసలామె.

క్యాంటీను గొల్లుమంది.

“అదిగో, ఎందుకమ్మ మొదలెట్టింది.”

నూలు మిల్లులో కొత్త యంత్రాలు దిగుతున్నాయి. లెక్కల పరీక్ష పాసైనవాళ్లే వాటి మీద ఉంటారు, మిగతావాళ్లు ఇంటికే అని యాజమాన్యం నోటీసు అంటించింది. ఏళ్ల తరబడి దారం తెగకుండా కాసిన చేతులు! ఎక్స్ ఎంతో చెప్పలేకపోతే అవి పనికిరావట. అందుకే షిఫ్టు దిగాక క్యాంటీన్లో ఈ క్లాసు.

ముసలామె మిల్లు మనిషి కాదు. ఎవరి తల్లో, ఫ్యాను గాలికి వచ్చి కూర్చుంటోందనుకున్నారు.

మాస్టారు మాత్రం విసుక్కోలేదు.

“ఐదు ఎక్కడికీ నడిచి వెళ్లదమ్మా. త్రాసులో ఈ పక్క ఐదు తీశాం. ముల్లు వంగకుండా ఆ పక్కా ఐదు తీశాం. అంతే.”

ముసలామె పక్కన కూర్చునే, దారం కండెలు చుట్టే ఆవిడ పెన్ను అప్పుడు కదిలింది.

మర్నాడు మళ్లీ.

“రెండెక్సులకు మూడు కలిపితే ఐదెక్సులు ఎందుకు కావు నాయనా?”

“రెండు బుట్టల కండెలున్నాయి. విడిగా ఇంకో మూడు కండెలు. ఐదు బుట్టలున్నాయంటే మీ మేస్త్రీ ఊరుకుంటాడా?”

“మా మేస్త్రీ అయితే ఆరు రాసుకుంటాడు,” అన్నారెవరో. అందరూ నవ్వారు.

పరీక్ష దగ్గరపడింది. ఎందుకమ్మ ప్రశ్నలతో పాఠం నత్తనడక. అందరూ కలిసి కండెలావిడను ముందుకు తోశారు.

“పక్కన కూర్చునేదానివి, రావద్దని ఆవిడకు నువ్వే చెప్పు.”

చెప్పింది.

“పిన్నిగారూ, మీకు పోయే ఉద్యోగం లేదు. మాది కూటి సంగతి. ఇంక రావద్దండీ.”

ముసలామె కొంగు సర్దుకుని లేచింది.

“నిజమేనమ్మా. మరి రేపట్నుంచి నువ్వు అడుగుతావా?”

“అడుగుతాలెండి.”

క్లాసు పరుగందుకుంది. బ్రాకెట్లొచ్చాయి. ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులన్నీ మారతాయని చెప్పి, “అర్థమైందా?” అన్నాడు మాస్టారు.

కండెలావిడకు ‘ఎందుకు’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“అయింది,” అంది అందరితో పాటు.

పరీక్షలో, పదిలోంచి ఎక్స్ మైనస్ నాలుగును తీసెయ్యమన్నారు. ఆమె బ్రాకెట్ చెరిపేసి, ప్లస్ కావాల్సిన మైనస్ నాలుగును అలాగే దించింది. బ్రాకెట్ కనిపించిన చోటల్లా అదే తప్పు.

కొత్త యంత్రాల మీద ఉండేవాళ్ల జాబితాలో ఆమె పేరు లేదు.

గేటు దగ్గర మాస్టారిని పట్టుకుంది.

“ఆ ఎందుకమ్మ ఇల్లెక్కడండీ? మళ్లీ పరీక్ష రాస్తాను. వచ్చి నా పక్కన కూర్చోమని కాళ్లు పట్టుకుంటాను. ఆవిడ అడిగినన్నాళ్లూ నాకు అర్థమయ్యేది.”

మాస్టారు తల దించుకున్నాడు.

“పోయిందమ్మా. ఇక్కడికి రావడం మానేసిన కొద్ది రోజులకే.”



“ఆవిడ మీకేమవుతుంది?” అంది కండెలావిడ.

“నాకు లెక్కలు నేర్పిన టీచరమ్మ,” అన్నాడతను, “‘ఆ కండెల పిల్లకి నోరు పెగలడం లేదురా, అది అడగడం మొదలెట్టేదాకా దాని బదులు నేనడుగుతా, నువ్వు నన్నెరగనట్టే చెప్పు’ అని మొదటి రోజే నాతో అంది.”