ఎవరూ కూర్చోని కుర్చీ

"కుర్చీ తీసేస్తే గిది ఏడు వాగుల ఆటే కాదు," అని దేవిక బల్ల మీద గట్టిగా చరిచింది. పాచికలు ఎగిరి కింద పడ్డాయి.

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర, జిరాక్స్ దుకాణం పైగది. ఆదివారం మధ్యాహ్నం. మనుషులు ఏడుగురు, కుర్చీలూ ఏడే. అందులో ఒకటి ఖాళీగా ఉంచారు కాబట్టి మహేశ్ నిలబడి ఉన్నాడు. పదేళ్లుగా అతను నిలబడే ఆడుతున్నాడు.

'ఏడు వాగులు' అంటే తలా ఒక పాత్ర అయిపోయి, పాచికలు వేస్తూ, మాటలతోనే కథ నడిపే ఆట. వాళ్ల దగ్గరున్న నియమాల పుస్తకం జిరాక్సుకు జిరాక్సు. అట్ట లేదు, రాసినవారి పేరు లేదు. కొమ్ములు పొడుగ్గా సాగదీసిన చేతిరాత ఒక్కటే గుర్తు.

దాన్ని రిజ్వాన్ టైపు చేసి, సవరించి, కొత్త కూర్పు తయారుచేశాడు. సాయంత్రానికి ప్రెస్సుకు పంపాలి. పేచీ అంతా మొదటి పేజీ అడుగున ఉన్న ఒక్క వాక్యం దగ్గర వచ్చింది.

'ఆటకు కూర్చున్నప్పుడల్లా ఒక కుర్చీ ఖాళీగా ఉంచాలి.'

ఎవరూ కూర్చోని కుర్చీకి నియమం దేనికన్నాడు రిజ్వాన్. ఒకసారి మహేశ్ కాళ్లు చూడమన్నాడు.

"కొత్తొక వింత, పాతొక రోత అయిందా మీకు? రాసినోళ్ల మాట మీద గింతన్న ఇజ్జత్ లేదా?" అంది దేవిక.

దేవికకు ఆ కుర్చీ అంటే ప్రాణం. వారం వారం తనే తుడుస్తుంది.

అప్పుడే ఒక ముసలావిడ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. బురఖా, చేతిలో గుడ్డసంచి. ఏడు వాగులు ఆడేది ఇక్కడేనా అని అడిగి, జవాబు రాకముందే ఖాళీ కుర్చీలో కూలబడింది.

అంతసేపూ కొట్టుకు చచ్చినవాళ్లు ఒక్క క్షణంలో ఒక్కటైపోయారు. జిరాక్స్ దుకాణం కింద ఉంది ఖాలా, అన్నాడు రిజ్వాన్.

"లేవుండ్రి అమ్మా. గా కుర్చీల ఎవ్వరు కూసోవద్దు. రూల్," అంది దేవిక.

"రాసినోళ్లు గట్ల రాసి ఉండరు బిడ్డా."

దేవికకు ఒళ్లు మండింది. "పదేండ్ల సంది ఆడుతున్నం. ఆట మొకం చూడనోళ్లు మాకు చెప్పుడా?"

ఎండన పడి వచ్చిన మనిషి. గుక్కెడు నీళ్లు కావాలా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. చదువుకున్నవాళ్లట, కథలు అల్లేవాళ్లట! ఛీ.

ఆమె లేచింది. సంచిలోంచి పాత లాంగు నోటుబుక్కు తీసి కుర్చీలో పెట్టింది.

"గిదన్న కూసోనియ్యి బిడ్డా," అని గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

తర్వాత చేతులెత్తి తేల్చుకున్నారు. నాలుగు, మూడు. దేవిక గెలిచింది, కుర్చీ మిగిలింది. పుస్తకం ప్రెస్సుకు వెళ్లిపోయింది.

ఆ సంబరంలో కుర్చీ తుడవబోయి, అడ్డంగా ఉన్న నోటుబుక్కు తీసింది దేవిక. ఊరికే తెరిచింది.

కొమ్ములు సాగదీసిన అదే రాత. జిరాక్సు కాదు, నీలం సిరా.

రిజ్వాన్ రెండేసి మెట్లు దూకుతూ బస్టాండుకు ఉరికాడు. ఆమె బెజ్జంకి బస్సెక్కిందని, అది వెళ్లి చాలాసేపయిందని పల్లీలమ్మే ఆమె చెప్పింది.

అతను తిరిగొచ్చేసరికి మహేశ్ నోటుబుక్కు మొదటి పేజీ అడుగున వేలు పెట్టి చదువుతున్నాడు. కుర్చీ వాక్యం కింద, జిరాక్సులో ఏనాడూ పడని వరుసలు ఇంకా ఉన్నాయి.

'కొత్తగా ఎవరొచ్చినా అందులో కూర్చోబెట్టాలి. ముందు నీళ్లివ్వాలి, పేరు తర్వాత అడగాలి.'

దాని కింద, 'ఈ ఆట రాసింది: హుస్నాబీ, బాలికల హాస్టల్ వంటమనిషి.'