తెరచాప అంచులో గింజ

దానమ్మ గుమ్మంలో కూర్చుని తెరచాప చిరుగు కుడుతోంది. పడవలన్నీ మనుషులు లేకుండానే వేటకెళ్లి, వాటంతటవే ఒడ్డుకొస్తున్న రోజులవి. పాత విద్య పోకూడదని పంచాయతీ పెట్టిన తెరచాప బడిలో చివరిదాకా నిలిచింది ఆమె కూతురు నూకరత్నం ఒక్కతే. రేపటి నుంచి ఆ పిల్లే పసివాళ్లను సముద్రం మీదికి తీసుకెళ్లి నేర్పబోతోంది.

"అంచు కూడా ఊడిపోనాది, ఇటియ్యి," అంటూ నూకరత్నం చాప అందుకుంది. మడతలో వేలికేదో గట్టిగా తగిలింది. దారం తెంపితే, మనుషుల్లేని పడవలకు పెట్టే చింతపిక్కంత దారిగింజ బయటపడింది. అది ఉంటే చాప తనే గాలికి తిరుగుతుంది, పడవ తనే ఇంటిదారి పడుతుంది.

"ఏటమ్మా ఇది?"

దానమ్మ తలెత్తలేదు. "బడిలో తొలిసారి ఒక్కదానివే సంద్రం మీదికి ఎల్తంటే బయమేసింది. తాయెత్తు కట్టినట్టే అనుకుని కుట్టీసినాను."

"మరి తుపానుగాలిలో నాను తిరిగొచ్చిన రోజు?"

"అప్పుడూ ఉంది."

"ఆ రోజు ఊరంతా నన్ను బుజాలకెత్తుకుంది. నువ్వే కదా ఎదురొచ్చి దిష్టి తీసినావు."

దానమ్మకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గింజ తీసేద్దామని ఎన్నిసార్లు సూది పట్టుకుందో, అన్నిసార్లూ చేతులు రాలేదు.

"నీకు విద్య రాలేదని కాదే. నీకొచ్చు."

"నీకెలా తెలుసు?" అంది నూకరత్నం నెమ్మదిగా. "నాకే తెల్దు."

బయట తూర్పుగాలి గట్టిగా వీస్తోంది. నూకరత్నం గింజను తల్లి ఒడిలో పడేసి, చాప భుజానికెత్తుకుని రేవు వైపు వెళ్లిపోయింది.