రెండు గోళీలు

రమణి వసారాలో కూర్చుని భర్త రాత్రి లాడ్జి మీటింగుకి వేసుకెళ్ళిన నల్లకోటు తడిగుడ్డతో తుడుస్తోంది. జేబుల్లో ఉన్నవన్నీ తీసి పక్కనున్న పళ్లెంలో వేస్తోంది. ఆనందరావు మాస్టారు సైకిలు స్టాండు వేసి గుమ్మం దగ్గర ఆగారు.

"లోపలికి రండి మాస్టారూ. మీకోసమే చూస్తన్నారు."

కొబ్బరి వ్యాపారం చేసే ఆమె భర్త సూర్యారావుగారు పేపరు మడిచి, తల అడ్డంగా ఊపారు.

"ఏం చెప్పమంటారండీ! ఒక్క నల్లగోళీ పడింది."

మాస్టారు కుర్చీ అంచున కూర్చున్నారు. "అంటే ఏంటండీ?"

"మా మేసన్ లాడ్జి సంఘం పద్ధతండి. బయట చెప్పకూడదు, మీరు మనోళ్ళు గనక చెబుతున్నాను. కొత్తవాళ్ళని చేర్చుకోవాలంటే మాకు తలా రెండు గోళీలిస్తారు. ఇష్టమైతే తెల్లది, కాదంటే నల్లది, గుప్పిట్లో దాచి ఓ పెట్టెలో వెయ్యాలి. చేతిలో మిగిలింది రెండో పెట్టెలో పడెయ్యాలి, దాన్నెవరూ లెక్కెట్టరు. పద్దెనిమిదిమందిమి వేసేం. పదిహేడు తెల్లవే! కానీ ఒక్కటి నల్లదున్నా కుదరదండి. దొరల కాలం నాటి రూలు."

తొంభై ఆరు తుఫానుకి లాడ్జివాళ్ళు మాస్టారి బడిలోనే గంజి కాయించారు. నెల్లాళ్ళు వడ్డించింది ఆయనే. ఆ తర్వాత వాళ్ళు పెట్టిన ప్రతి కంటి శిబిరానికీ ముసలివాళ్ళని రిక్షా ఎక్కించి తెచ్చిందీ ఆయనే. "మీరు మాలో ఒకరండీ" అని ఏటా దండ వేసేవారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకుందామనే ఈసారి లాడ్జిలో చేర్చుకోమని అర్జీ పెట్టారు.

"ఎవరై ఉంటారండీ?"

"అది మాక్కూడా తెలీదు. అదే మా గొప్ప! మీరు చర్చికెళ్తారు, నేను గుడికెళ్తాను. లాడ్జిలో అడుగుపెడితే అందరం అన్నదమ్ములం. అలాంటిచోట ఈ వెధవ ఎవడు దాపురించాడో! ఆ చెయ్యి పడిపోనూ!"

"అయ్యో, అంత మాట అనకండి" అన్నారు మాస్టారు. ఆయన మనసు కాస్త తేలికపడింది. కాదన్నది ఒక్కడే. ఈయన తన వైపే ఉన్నారు.

"మీ పేరు చెప్పిందే నేనాయె. నాకెంత తలవంపులండీ! సరే, వచ్చే ఆదివారం రాజోలు శిబిరానికి ముసలాళ్ళని మాత్రం మీరే తేవాలి. మీరు లేకపోతే జరగదు."

"ఆయ్, తప్పకుండానండి."

రమణి రెండు కప్పుల కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. పళ్లెంలోంచి తీసి కట్టుకున్న కొంగుముడి విప్పి భర్తకేసి చూసింది.

"ఏవండీ, మీ కోటు జేబులో ఇదొకటి దొరికిందండి. ఎవరి పిల్లలదో ఏమో. ఎక్కడ పెట్టమంటారు?"

ఆమె వదిలిన తెల్లగోళీ బల్ల మీద దొర్లుకుంటూ వెళ్ళి, మాస్టారి కప్పుకి తగిలి ఆగింది.

మాస్టారు కాఫీ ముట్టుకోలేదు. లేచి, గోళీ తీసి సూర్యారావుగారి అరచేతిలో పెట్టి, ఒక్కో వేలూ మడిచి గుప్పిట మూసి, గుమ్మం దిగి వెళ్ళిపోయారు.