పక్కింటి టపాకాయ

"దానికి నేను సాక్షి సంతకం పెట్టాలా? చచ్చినా పెట్టను!" దర్జీ తాత కత్తెర ఆడించాడు.

తాత 'టపాకాయ' అని పిలిచే పక్కింటావిడ ఇక్కడే పుట్టిందనడానికి కాగితం లేదు. ఏ దేశం మనిషీ కాదని ఆఫీసువాళ్ళు తేల్చేశారు. ఆమె పుట్టుక ఎరిగినవాడు ఈయనొక్కడే మిగిలాడు.

ఆవిడ తరఫున వచ్చిన లాయరమ్మ కాస్త ఆలోచించింది. "పోనీ, ఆవిడ మీద ఫిర్యాదు ఇవ్వండి తాతగారూ."

తాత ముఖం వెలిగిపోయింది. "రాసుకో! ఈ గోడవతలే పుట్టింది. పుట్టిన రోజే ఏడ్చి వీధంతా లేపింది. అప్పట్నుంచీ ఇక్కడే ఉండి నా ప్రాణం తోడేస్తోంది." గబగబా సంతకం పెట్టేశాడు.

లాయరమ్మ నవ్వాపుకుంటూ కాగితం మడిచింది.

"సాక్ష్యానికి ఇది సరిపోతుందా అమ్మాయ్, ఇంకో నాలుగు తిట్లు కలపమంటావా?" తాత గొంతు తగ్గించాడు. "సాయం చేశానని దానికి మాత్రం చెప్పకు. పోట్లాడ్డం మానేస్తుంది."